రాస్‌కు ఉత్తరాల్లో దొరికిన గురువు

దోమ కుడితే మలేరియా వస్తుందని మన ప్రాథమిక తరగతుల పిల్లలు కూడా చెబుతారు. ఆ సంగతి తేల్చిన రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో పనిచేశారనీ మనలో చాలామందికి తెలుసు. ఆ పనిలో సగం మైక్రోస్కోపు కింద సాగితే, మిగతా సగం ఉత్తరాల్లో సాగిందన్న మాట మాత్రం అంతగా వినబడదు.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టారు. తండ్రి సైనికాధికారి. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండ్ పంపారు. రాస్‌కు కవిత్వం, సంగీతం, బొమ్మలంటే ప్రాణం. తండ్రి కోరిక మీద వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు.

మలేరియా రోగుల రక్తంలో ఒక పరాన్నజీవి ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే కనిపెట్టారు. రాస్ ఎంత వెతికినా అది కనిపించలేదు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు దాన్ని ఆయనకు చూపించారు. బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని 1877లో చైనాలో కనుగొన్నది ఈయనే. మలేరియాలోనూ దోమ పాత్ర ఉంటుందని మాన్సన్ ఊహ.

1895లో రాస్ సికింద్రాబాద్ చేరారు. సందేహం వస్తే అడగడానికి దగ్గరలో ఎవరూ లేరు. అందుకే మాన్సన్‌కు ఉత్తరాలు రాశారు. ఓడలో వెళ్లిన ఉత్తరానికి జవాబు రావాలంటే నెల దాటేది. అయినా 1899 దాకా రాస్ రాసినవే వందకు పైగా ఉన్నాయి.

ఇందులో మన ఉపాధ్యాయులు గమనించాల్సిన విషయం ఒకటుంది. గురువు ఊహలో సగమే నిజం. దోమలు నీళ్లలో చచ్చిపడతాయని, ఆ నీళ్లు తాగిన వారికి జబ్బు సోకుతుందని మాన్సన్ భావించారు. రాస్ ఒప్పుకున్న మనుషులకు అలాంటి నీళ్లు తాగించి చూశారు. ఒకరికి కాస్త జ్వరం వచ్చినా, తర్వాతి ప్రయోగాలు దాన్ని బలపరచలేదు. ఆ ఫలితాలను ఆయన దాచకుండా రాశారు. కుట్టడం వల్లే సోకుతుందేమో అన్న ఆలోచన అలా బలపడింది.

మధ్యలో కలరా అదుపు కోసం బెంగళూరు పంపారు. 1897లో ఊటీ ప్రాంతంలో తిరుగుతూ తానే మలేరియా బారిన పడ్డారు. మళ్లీ సికింద్రాబాద్ చేరి, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన మచ్చల రెక్కల దోమను 1897 ఆగస్టు 20న కోసి చూశారు. దాని కడుపు గోడలో పరాన్నజీవి కణాలు కనిపించాయి. వెంటనే రాజపుతానాకు బదిలీ అయింది. పని ఆగిపోయింది. మాన్సన్ లండన్‌లో పెద్దలకు నచ్చజెప్పగా, 1898లో కలకత్తాలో పరిశోధనకు వీలు కలిగింది. అక్కడ పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కాటుతో మరో పక్షికి సోకుతుందని తేల్చారు. ఆ కబురును మాన్సన్ ఎడిన్‌బరోలో వైద్యుల సభ ముందు ఉంచారు. మనుషుల మలేరియాలో ఇదే సంగతిని అదే ఏడాది ఇటలీ శాస్త్రవేత్తలు చూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ స్నేహం చివరిదాకా నిలవలేదు. 1912లో మాన్సన్ మరొకరి కోసం రాసిన సిఫారసు ఉత్తరం తన పరువు తీసిందని రాస్ న్యాయవాదుల దాకా వెళ్లారు. అయినా పాత ఉత్తరాలను మాత్రం భద్రంగా దాచుకున్నారు. 1932లో కన్నుమూశారు.

మన బడుల్లో లేఖ అంటే తేదీ, సంబోధన, సంతకం, వాటికి మార్కులు. ఈ ఆగస్టు 20న పిల్లలతో ఇంకో రకం ఉత్తరం రాయిద్దాం. తాము చేసి చూసినా కుదరని ఒక పని గురించి సైన్సు టీచరుకు తెలుగులో రాయమందాం. ఎర్రసిరా పక్కనపెట్టి, టీచరూ ఉత్తరంతోనే జవాబివ్వాలి. ఇంట్లో ఆ రెండు ఉత్తరాలనూ తల్లిదండ్రులు పిల్లలతో కలిసి చదివితే, తప్పు చెప్పడానికి భయపడని పిల్లలు మనకు కనిపిస్తారు.