రుజువు కోసం జీవితమంతా పోరాడిన రేడియో మేజర్

పంచాయతీ ఆఫీసు అరుగు మీద ట్రాన్సిస్టర్ పెట్టుకుని వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు విన్న తరం మన పల్లెల్లో ఇంకా ఉంది. ఆ సెట్టు లోపలి పద్ధతిని కనిపెట్టిన మనిషి పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఆయన ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. అమెరికా దేశస్థుడు. చంద్రుడిపై కాలు మోపిన ఆర్మ్‌స్ట్రాంగ్ వేరు, ఈయన వేరు.

ఈయన సైన్యంలో మేజర్. అంతకు మించి, సరదా కొద్దీ ఇంట్లోనే వైర్‌లెస్ సెట్లు కట్టుకునే ఔత్సాహికుల్లో ఒకరు. ఇలాంటి వారినే ‘హామ్’లంటారు. సైన్యంలో చేసిన సేవను ఎవరూ శంకించలేదు. సొంత బుర్రతో కనిపెట్టిన దానిని తనదేనని రుజువు చేసుకోవడానికే ఆయన జీవితం సగం కరిగిపోయింది.

మేడ మీద గదిలో వైర్‌లెస్

ఆర్మ్‌స్ట్రాంగ్ 1890 డిసెంబర్ 18న న్యూయార్క్ నగరంలో జన్మించారు. తండ్రి పుస్తకాల ప్రచురణ సంస్థలో ఉద్యోగి. తల్లి ఉపాధ్యాయినిగా పనిచేశారు. చిన్నతనంలో నరాల జబ్బు రావడంతో కొంతకాలం బడి మానిపించి ఇంట్లోనే చదువు చెప్పించారు. తర్వాత ఆ కుటుంబం హడ్సన్ నది ఒడ్డున ఉన్న యాంకర్స్ పట్టణానికి మారింది.

మార్కొనీ తీగ లేకుండా వార్తలు పంపిన సంగతి చదివినప్పటి నుంచి ఆ కుర్రవాడికి వైర్‌లెస్ పిచ్చి పట్టుకుంది. మేడ మీద గదినిండా తీగచుట్లు, బ్యాటరీలు. 1910లో పెరట్లో 125 అడుగుల స్తంభం తానే నిలబెట్టారు. దాని కొసదాకా ఎక్కడానికి కూడా జంకేవారు కాదు.

తరువాత కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. లీ డి ఫారెస్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1906లో ఆడియాన్ అనే గాజు బల్బును తయారుచేశారు. అది ఎలా పనిచేస్తుందో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. విద్యార్థిగా ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని కొలిచి, పరీక్షించి గుట్టు విప్పారు. 1912లో ఆ బల్బు నుంచి వచ్చిన శక్తిలో కొంత భాగాన్ని తిరిగి దాని మొదటికే పంపారు. ఊయలను సరైన క్షణంలో కొద్దికొద్దిగా తోస్తే ఊపు ఎలా పెరుగుతుందో అలాగే శబ్దం పెరిగింది. చెవికి ఆనీ ఆనని దూరదేశపు సంకేతాలు గదంతా వినిపించాయి. ఇదే రీజనరేటివ్ సర్క్యూట్.

ఒక స్టాంపు కాగితం

వెంటనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాలనుకున్నారు. ముందు చదువు పూర్తి చెయ్యమని తండ్రి డబ్బు ఇవ్వలేదు. సర్క్యూట్ బొమ్మ గీసి సాక్షి సంతకం పెట్టించి ఉంచుకోమని మేనమామ సలహా ఇచ్చారు. ఆ ప్రకారం 1913 జనవరి 31న నోటరీ దగ్గర ముద్ర వేయించారు. పేటెంటు దరఖాస్తు అదే ఏడాది అక్టోబర్‌లో పడింది. 1914 అక్టోబర్ 6న పేటెంటు చేతికి వచ్చింది.

ఇంతలో డి ఫారెస్ట్ ఆ ఆలోచన తనదేనన్నారు. 1912 ఆగస్టులో తన సహాయకుడు నోటుపుస్తకంలో రాసిన ఒక పేజీని రుజువుగా చూపారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పని కూడా 1912 నాటిదే. కానీ ముద్ర పడిన కాగితం మీద తేదీ 1913. ఈ కొద్ది నెలల తేడాయే పెద్ద దావాకు కారణమయింది.

ఫ్రాన్సులో కెప్టెన్

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. ఔత్సాహిక రేడియో కేంద్రాలన్నిటినీ మూసివెయ్యమని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. ఆ ఔత్సాహికులలో అనేకమంది సైన్యంలో వైర్‌లెస్ పనికి చేరారు. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు సిగ్నల్ కోర్‌లో కెప్టెన్ హోదా ఇచ్చి పారిస్ పంపారు.

శత్రు విమానాల ఇంజన్లలో పుట్టే నిప్పురవ్వల నుంచి సన్నని రేడియో తరంగాలు వస్తాయి. వాటిని పట్టుకోగలిగితే విమానం రాకను ముందే తెలుసుకోవచ్చునన్నది ఆయన ఆలోచన. అంత వేగంగా ఊగే తరంగాన్ని ఆనాటి బల్బులు పెంచలేకపోయేవి. అందుకని వచ్చిన తరంగాన్ని ముందు ఒక నిర్ణీత స్థాయికి దించి, అక్కడ పెంచే ఉపాయం 1918లో కనిపెట్టారు. ఊరికొక కొలతతో వచ్చిన ధాన్యాన్ని మార్కెట్టులో ఒకే కాటాలోకి మార్చి తూచినట్టన్న మాట. దీని పేరు సూపర్ హెటెరోడైన్. యుద్ధం ముగిసినా ఈ పద్ధతి నిలిచింది. పల్లెల్లో మోగిన ట్రాన్సిస్టర్లు ఈ పద్ధతి మీదే నడిచాయి.

ఫ్రాన్సు ప్రభుత్వం ఆయనకు లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదు ఇచ్చింది. 1919లో ఆయన మేజర్ హోదాతో ఇంటికి తిరిగి వచ్చారు. అప్పటి నుంచి చనిపోయే దాకా తోటివారికి ఆయన మేజరే.

హామ్‌ల లెక్క వేరు

హామ్‌లకు ఒక ఆచారం ఉంది. ఫలానా దేశం వారితో మాట్లాడానని నోటితో చెబితే ఒప్పుకోరు. తేదీ, గంట, అవతలి కేంద్రం గుర్తు రాసిన రుజువు రావాలి. మాటకు విలువ రుజువును బట్టే.

1921 డిసెంబర్‌లో అమెరికా హామ్‌లు అట్లాంటిక్ సముద్రం మీదుగా సంకేతాలు పంపగలమా అని పందెం కట్టినట్టు పరీక్ష పెట్టుకున్నారు. పాల్ గాడ్లీ అనే హామ్‌ను స్కాట్లండులోని ఆర్డ్రోసన్‌కు పంపారు. ఆయన సముద్రపుటొడ్డున డేరా వేసుకుని చలిలో వింటూ కూర్చున్నారు. పక్కన సాక్షిగా మార్కొనీ కంపెనీ ఇన్‌స్పెక్టరు ఒకరు ఉన్నారు. ఇవతల కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రీనిచ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్, మరికొందరు మిత్రులు కలిసి 1బీసీజీ అనే కేంద్రం కట్టారు. వారు పంపిన సందేశం అక్కడ పూర్తిగా అందింది. గాడ్లీ విన్నది కూడా సూపర్ హెటెరోడైన్ సెట్టు మీదనే కావడం విశేషం.

ఆ రోజుల్లోనే ఆయనకు సిరిసంపదలు కలిగాయి. 1920లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ రెండు పేటెంట్లకు కలిపి 3,35,000 డాలర్లు ఇచ్చింది. మరో కొత్త సర్క్యూట్ ఆర్.సి.ఎ. కంపెనీ కొన్నది. ఆ కంపెనీ పెద్ద డేవిడ్ సార్నాఫ్ వద్ద కార్యదర్శిగా ఉన్న మేరియన్‌ను 1923 డిసెంబర్‌లో వివాహమాడారు.

కోర్టులో ఓటమి, సభలో గెలుపు

డి ఫారెస్ట్‌తో దావా మొదట ఆర్మ్‌స్ట్రాంగ్ వైపే మొగ్గింది. 1922లో పై కోర్టు కూడా ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ఓడినవారు ఖర్చులు కట్టి తీరాలని ఆయన పట్టుబట్టారు. రాజీపడి ఉంటే వ్యవహారం అక్కడితో ముగిసేది. పంతం వల్ల తలుపు తెరిచే ఉండిపోయింది. 1924లో వేరొక కోర్టు డి ఫారెస్ట్‌ను సమర్థించింది. సుప్రీంకోర్టు 1928లో ఒకసారి, 1934 మే నెలలో మరొకసారి ఆర్మ్‌స్ట్రాంగ్‌కు వ్యతిరేకంగా తేల్చింది. దావా మొత్తం ఇరవై ఏళ్లు సాగింది.

అప్పుడు ఆయన చేసిన పని గమనార్హం. రీజనరేటివ్ సర్క్యూట్ కనిపెట్టినందుకు రేడియో ఇంజనీర్ల సంస్థ ఆయనకు గతంలో గౌరవ పతకం ఇచ్చింది. కోర్టు తనది కాదని తేల్చాక ఆ పతకం ఉంచుకోవడం తగదని, తిరిగి ఇచ్చేయడానికి ఫిలడెల్ఫియా మహాసభకు వెళ్లారు. సంస్థ అధ్యక్షుడు పతకం తీసుకోలేదు. అది ఆయనకే చెందుతుందని సభలో ప్రకటించారు. సభికులందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సర్క్యూట్ పనిచేసే తీరు న్యాయమూర్తుల కంటే తమకు బాగా తెలుసునని ఆ వృత్తివారి నమ్మకం.

గరగర లేని రేడియో

ఉరుములు మెరుపుల వేళ పాత సెట్టులో గరగర వచ్చేది. తరంగం బలాన్ని హెచ్చించి తగ్గించి మాటను పంపే పద్ధతి వల్ల మెరుపు కూడా ఆ బలంలో కలిసిపోయేది. ఆర్మ్‌స్ట్రాంగ్ తరంగం బలాన్ని ముట్టుకోకుండా, దాని ఊపు వేగాన్ని మార్చి మాట పంపారు. అదే ఎఫ్.ఎం. 1933 డిసెంబర్ 26న దాని పేటెంట్లు వచ్చాయి.

1935 నవంబర్ 5న న్యూయార్క్‌లో ఇంజనీర్ల ఎదుట దాన్ని వినిపించారు. ప్రసారం వచ్చింది పెద్ద కంపెనీ కేంద్రం నుంచి కాదు. యాంకర్స్‌లో ఉన్న రన్యన్ అనే హామ్ మిత్రుడి ఇంటి నుంచి. గ్లాసులో నీళ్లు పోసిన చప్పుడు, కాగితం చించిన చప్పుడు కూడా పక్కనే జరిగినట్టు వినిపించాయి.

1940లో ఆర్.సి.ఎ. పది లక్షల డాలర్లు ఒక్కసారిగా ఇస్తామని, రాయల్టీ మాత్రం ఇవ్వమని అంది. అందరికీ ఒకటే నియమం అని ఆయన ఒప్పుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మాత్రం సైన్యం దగ్గర రాయల్టీ తీసుకోలేదు. అమెరికా టాంకులలో ఎఫ్.ఎం. సెట్లే మోగాయి. 1947లో దేశం ఆయనకు మెడల్ ఫర్ మెరిట్ ఇచ్చింది.

ఈలోగా 1945లో ప్రభుత్వం ఎఫ్.ఎం.ను వేరే బ్యాండుకు మార్చింది. ప్రజలు కొన్న పాత సెట్లు పనికిరాకుండా పోయాయి. ఇతర కంపెనీలు రాయల్టీ కట్టకుండా ఎఫ్.ఎం. వాడుకుంటున్నాయని 1948 జూలైలో ఆర్.సి.ఎ. మీద దావా వేశారు. ప్రత్యర్థి వకీళ్లు ఆయన్ని ఒక్కరినే ఏడాదిపాటు ప్రశ్నించారు. 1950 చివరలో పేటెంట్ల గడువు తీరిపోయింది. ఆస్తి ఖర్చుల కింద హరించుకుపోయింది. ఆ ఒత్తిడిలో భార్యతో తగవు వచ్చి ఆమె పుట్టింటివారి దగ్గరకు వెళ్లిపోయారు. 1954 జనవరి 31 రాత్రి ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. నోటరీ ముద్ర పడిన రోజుకు అది సరిగ్గా 41 ఏళ్లు.

భార్య సాధించిన తీర్పు

మేరియన్ దావాలను వదలలేదు. ఆ ఏడాదే ఆర్.సి.ఎ. పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చి రాజీపడింది. మిగిలిన కంపెనీల మీద ఒక్కొక్కటిగా పోరాడారు. 1967లో ఆఖరి కేసు కూడా ఆమె పక్షాన ముగిసింది. ఎఫ్.ఎం. ఆర్మ్‌స్ట్రాంగ్‌దేనని చట్టం ఒప్పుకునే నాటికి ఆయన పోయి పదమూడేళ్లు.

మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం 1977 జూలై 23న మద్రాసులో మొదలయింది. ఇప్పుడు మన ఊళ్లలో సెల్ ఫోన్లలోనూ, ట్రాక్టర్ల మీదా మోగుతున్నది ఆ పద్ధతే.

మాజీ సైనికుడికి డిశ్చార్జి పుస్తకం, రైతుకు పట్టా పాసుపుస్తకం ఎంత ముఖ్యమో పల్లెవాసులకు చెప్పనక్కర లేదు. పని జరిగిన నాడే తేదీ వేసి సాక్షి సంతకం పెట్టించుకుంటే, కొద్ది నెలల తేడా ఇరవై ఏళ్ల దావా కాకుండా పోతుంది. రాజీకి తగిన వేళ వచ్చినప్పుడు పంతం విడవడం కూడా అంతే అవసరమని మేజర్ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితం చెబుతుంది.