సవర పిల్లల పంతులు గారు

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పేరు వినగానే వ్యావహారిక భాషావాదము జ్ఞప్తికి వచ్చును. ఆయన జన్మదినమైన ఆగష్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. అయితే ఆ వాదమునకు దిగక మునుపే ఆయన తెలుగు రాని పిల్లల చదువు కొరకు పాటుపడిన సంగతి అంతగా ఎవరును చెప్పుకొనరు.

ఆయన 1863లో శ్రీముఖలింగము దగ్గరి పర్వతాలపేటలో పుట్టెను. బాల్యముననే తండ్రి పోయెను. విజయనగరములో చదివి, 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో ఉపాధ్యాయుడాయెను. ఆ చుట్టుపట్ల కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు చెల్లెలు కాదు. సంతాలీ, ముండారీలతో చేరిన ముండా కుటుంబము లోనిది. దానికప్పుడు లిపి లేదు. సవర బాలుడు బడికి వచ్చినను, పంతులు చెప్పునది వానికి వట్టి చప్పుడే.

మరియొకరైతే పిల్లలనే తెలుగు నేర్చుకొని రమ్మందురు. రామమూర్తి గారు తానే విద్యార్థి ఆయెను. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట నుంచుకొని వాని భాష నేర్చెను. మాటలు, పాటలు, కథలు ప్రోగుచేసి, తెలుగు అక్షరములలో సవర వాచకములు కూర్చెను. సొంత ఖర్చుతో బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతములు తానే ఇచ్చెను. బడిపంతులు జీతమెంతయో ఎరిగిన వారికి ఇది ఎంత బరువో తెలియును. 1911లో మద్రాసు ప్రభుత్వము పారితోషికము ఇయ్యబోగా పుచ్చుకొనక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడని కోరెను.

అడవులలో తిరుగుటచేత మలేరియా పట్టెను. దానికి వాడిన క్వినైను వలన చెవుడు వచ్చెను. ఇతరుల మాటను వినుటయే తన పనిగా పెట్టుకొన్నవాడు వినికిడి పోగొట్టుకొనెను! అయినను పని మానలేదు. 1931లో ఆయన సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువడెను. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, ఆయన రాజమహేంద్రవరము వచ్చెను. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూసెను.

వ్యావహారిక వాదమును గూర్చి విస్తరింపము. అదియు ఈ వేరునుండి పెరిగినదే యని మా తలంపు. 1919లో "తెలుగు" అను పత్రిక నడిపి అందుకొరకే పోరాడెను. మేమీ పుటలో వ్రాయుచున్న భాష చూచినయెడల ఆయన తప్పక కోపపడియుండును, అలవాటు పోదు.

పెంతెకొస్తు దినమున దేవుడు యెరూషలేములో కూడిన పరదేశులను, ముందు గలిలయ వారి భాష నేర్చుకొని రండని పంపివేయలేదు. దానిమీద ప్రసంగము ఎన్నిమార్లు చేసితిమో లెక్కలేదు.

అయినను మా నార్కట్‌పల్లిలో ఏమి చేసితిమి? నైజాము కాలమున పై చదువులు ఉర్దూలో చదువలేక మానినవారి సంగతి మా పెద్దలు చెప్పగా జాలిపడితిమి. లంబాడీ తండానుండి మా ఆదివారపు బడికి వచ్చిన పిల్లవాడు నెలల తరబడి నోరు తెరవకపోగా, మందమతి అనుకొంటిమి. తప్పు మాదే. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కోయ, గోండీ, బంజారా మొదలగు 8 భాషలలో చిన్న తరగతుల చదువు ఆరంభించెను. ఆ మాట వినియు, అది మా వాకిటి సంగతి యని మాకు తోచలేదు.

పంతులు గారి చరిత్ర చదివిన తరువాత వచ్చిన ఆదివారము, నీళ్లను మీ ఇంట ఏమందురని వానిని అడిగితిమి. పాణి అనెను. పలకమీద తెలుగు అక్షరములలో వ్రాసి, చదివి వినిపించితిమి. వాడు తల అడ్డముగా ఊపి, మేము పలికిన తీరు సరికాదని నవ్వి, మరల పలికి చూపెను. మూడుమార్లు దిద్దించుకొంటిమి.