నైట్ పోర్టర్ నుంచి రీసెర్చ్ డైరెక్టర్ దాకా

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు వాళ్లకి బోదకాలు గోలీలు తెలిసే ఉంటాయి. ఆశా వర్కర్ ఇంటికొచ్చి, తన ముందే మింగమనే ఆ డీఈసీ మాత్ర వెనక ఒక తెలుగాయన టీమ్ ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మందుల గురించి చాలామంది రాశారు. ఎంఎస్‌కి వెళ్దామనుకునే మనకి ఆయన చేసిన ఉద్యోగాల కథ ఇంకా దగ్గరగా ఉంటుంది.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో పాసయ్యారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుంటే సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ ఇవ్వలేదు, దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది.

1920ల మొదట్లో మామగారి సాయంతో, విరాళాలతో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సీటుంది, జేబులో డబ్బు లేదు. ఆ ఎల్ఎంఎస్‌తో అక్కడ డాక్టర్ ఉద్యోగం దొరకలేదు. అందుకే బ్రిగమ్ ఆసుపత్రిలో నైట్ పోర్టర్‌గా చేరి, రోగుల బెడ్‌పాన్లు కడిగారు. పైగా 1923లో, థింద్ కేసులో, భారతీయులకి పౌరసత్వం ఇవ్వడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది.

డాక్టర్‌గా దారి మూసుకుపోయింది కాబట్టి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లోకి వెళ్లారు. 1925లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. లైఫ్ సైన్సెస్ ల్యాబుల్లో దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. తర్వాత ఏటీపీ మీద పని, 1930లో పీహెచ్‌డీ. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు.

1940లో, నలభై అయిదేళ్ల వయసులో, లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. అక్కడే రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ఆయన టీమే తయారుచేసింది. డీఈసీ, ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే.

1946లో చట్టం మారి భారతీయులకి పౌరసత్వం అవకాశం వచ్చింది. ఆయన తీసుకోలేదు. 1948లో, 53 ఏళ్లకే చనిపోయారు. ఇండియాలో వదిలి వెళ్లిన భార్య శేషగిరి గారిని మళ్లీ చూడనే లేదు.

అంటే బెడ్‌పాన్ల నుంచి డైరెక్టర్ కుర్చీకి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. అదీ వెళ్లిన వృత్తి వదిలేసి, పనిచేసే చోటు మార్చాకే. అక్కడ మన సీనియర్ ఎవరైనా స్టోర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నాడని తెలిస్తే అయ్యో పాపం అనకండి. పగలు ఏం నేర్చుకుంటున్నాడో అడగండి.