మహావక్త డెమోస్తనీసు

నోటిలో గులకరాళ్లు ఉంచుకొని మాటాడుట నేర్చిన గ్రీకు వక్త కథను మన విద్యార్థులలో పెక్కుమంది వినియే యుందురు. ఉపాధ్యాయులు దానిని పట్టుదలకు దృష్టాంతముగా చెప్పుచుందురు. అది ఉచితమే. కాని గులకరాళ్లు చక్కబరచినది నాలుకను మాత్రమే. ఆ నాలుక పలికిన మాటకు బలమెక్కడిదో తెలిసికొనవలెనన్న అతని జీవితమును మొదటినుండి చూడవలెను.

డెమోస్తనీసు క్రీ. పూ. 384లో ఏథెన్సు నగరమున జన్మించెను. తండ్రి కత్తులు చేయించెడి కర్మశాలకు యజమాని, సంపన్నుడు. కుమారునకు ఏడేండ్ల ప్రాయమున ఆయన గతించెను. ఆస్తిని కాపాడవలసిన సంరక్షకులు ముగ్గురును దానిలో అధికభాగమును హరించిరి. ఏథెన్సు న్యాయస్థానములలో వాది తన వ్యాజ్యమును తానే వినిపించుకొనవలెను. ఎదుట వందలకొలది న్యాయనిర్ణేతలు కూర్చుందురు. నీటి గడియారము కాలమును కొలుచుచుండును. దుర్బల శరీరుడగు ఆ యువకుడు ఈసియసు అను న్యాయకోవిదునియొద్ద శిక్షణ పొంది, ఇరువది యేండ్లు దాటుసరికి సంరక్షకునిపై అభియోగము తెచ్చి గెలిచెను. చేతికి వచ్చిన సొత్తు కొంత మాత్రమే. కాని మాట విలువ తెలిసివచ్చెను. అతడు మొదట వాక్కును ఆశ్రయించినది కీర్తికొఱకు గాదు, న్యాయముకొఱకు.

న్యాయస్థానమున గెలిచినవాడు ప్రజాసభలో ఓడెను. కొండపై వేలకొలది పౌరులు గుమిగూడిన ఆ సభలో అతని తొలి ప్రసంగము నవ్వులపాలయ్యెను. గొంతు సన్నము, ఊపిరి చాలదు, పలుకు తడబడును, వాక్యములు చిక్కుపడి అర్థము తోచదు. సుమారు నాలుగు శతాబ్దుల తరువాత అతని చరిత్ర వ్రాసిన ప్లూటార్కు ఒక ముచ్చట చెప్పియున్నాడు. ఖిన్నుడై ఇల్లు చేరిన డెమోస్తనీసుచేత సాటిరసు అను నటుడు ఒక నాటకభాగమును చదివించెను. పిదప అదే భాగమును తాను స్వరభేదముతో, భావమునకు తగిన అభినయముతో చదివెను. వినగా అది వేరొక రచనయే అన్నట్లుండెను!

అప్పటినుండి అతని సాధన తీవ్రమయ్యెను. నేలమాళిగలో గది కట్టించుకొని నెలల తరబడి అభ్యసించెననియు, బయటకు పోవుటకు సిగ్గుపడునట్లు తల సగము గొరిగించుకొనెననియు, మెట్ట లెక్కుచు ఊపిరి బిగపట్టి పద్యములు చదివెననియు చెప్పుదురు. ముందుగా యోచింపక సభలో లేచుటకు అతడు అంతగా ఇష్టపడలేదు. అతని వాదములు దీపపువత్తి వాసన కొట్టుచున్నవని ప్రత్యర్థులు ఎగతాళి చేసిరి. సిద్ధపడి మాటాడుట ప్రజలను గౌరవించుటయే యని అతని భావము.

ఆ సిద్ధపాటు ఎందులకు? మాసిడోనియా రాజగు ఫిలిప్పు గ్రీకు నగరములను ఒక్కొక్కటిగా లోగొనుచున్న కాలమది. క్రీ. పూ. 351 మొదలు డెమోస్తనీసు ఆ యపాయమును సభకు ఎఱుకపఱచుచు వచ్చెను. కూలిసేనలపై భారము వేసి మీరు ఇంట కూర్చుండరాదనియు, ఉత్సవములకు వెచ్చించు ధనమును రక్షణకు మళ్లింపవలెననియు బోధించెను. ఇవి చప్పట్లు తెచ్చెడి మాటలు కావు. ఐనను మానలేదు.

క్రీ. పూ. 338లో కైరోనియా యుద్ధమున ఏథెన్సు ఓడిపోయెను. వేయిమంది పౌరులు మడిసిరి, రెండువేలమంది బందీలైరి. యుద్ధమునకు పురికొల్పినవాడతడు, స్వయముగా సైనికుడై నిలిచి, ఓటమిలో పారిపోయి వచ్చినవాడును అతడే. మృతవీరులను కీర్తించు ప్రసంగమునకు నగరము ఎవరిని ఎన్నుకొనెను? డెమోస్తనీసునే. తన సలహావలన బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రుల యెదుట లేచి నిలుచుటకంటె కఠినమైన పరీక్ష వక్తకు వేరొకటి కలదా? ఆ పరీక్షనుండి అతడు తప్పించుకొనలేదు. క్రీ. పూ. 330లో ఎస్కినీసు అతని రాజకీయ జీవితమునంతటిని న్యాయస్థానమున దోషమని నిలువబెట్టినపుడును, ఓటమి చూచి తన సలహాను తప్పని ఒప్పుకొనలేదు. వాదికి అయిదవవంతు మతములైనను రాలేదు. ఎస్కినీసు నగరము విడిచి పోయెను.

అతడు నిష్కళంకుడని చెప్పజాలము. కొన్నేండ్లకు లంచము పుచ్చుకొన్నాడని దోషిగా తీర్పుపొంది ప్రవాసమునకు పోయెను. అలెగ్జాండరు మరణానంతరము నగరమే అతనిని గౌరవముతో తిరిగి పిలిపించెను. క్రీ. పూ. 322లో మాసిడోనియా సైన్యము మరల జయింపగా, కలౌరియా ద్వీపమునందలి దేవాలయమున శరణుజొచ్చి, శత్రువుల చేత చిక్కక విషము మ్రింగి ప్రాణము విడిచెను. తరువాత ఏథెన్సువారు అతనికి కంచు విగ్రహము నెత్తిరి. వక్తయైనను ఆ విగ్రహమున చేయి చాపి మాటాడుచున్నట్లు లేదు. రెండుచేతులు ముందు కలుపుకొని ఆలోచనలో మునిగియుండును.

వక్తృత్వపు పోటీలకు బాలురను సిద్ధము చేయునపుడు మనము స్వరము, ఉచ్చారణ, అభినయము నేర్పుదుము. అవి కావలసినవే. వానితోపాటు ఆ కలిపిన చేతులనుగూడ ఒకసారి చూపుట మంచిది. చెప్పవలసినదానిని ముందు ఆలోచించి, చెప్పిన పిమ్మట దానికి బాధ్యుడై నిలుచువాడే వక్త.