కత్తి పట్టి అహింస నేర్పిన ఉయెషిబా

కరాటే, జూడో అనగానే మనకు పెంకులు పగలగొట్టడం, మనిషిని ఎత్తి కుదేయడం గుర్తుకొస్తాయి. అదే జపానులో, మీదికొచ్చినవాడికి కూడా గాయం కాకుండా గొడవ ఆపడమే అసలు విద్య అని చెప్పిన గురువు ఒకరున్నారు. ఆయన మొరిహెయ్ ఉయెషిబా. ఆయన విద్య పేరు ఐకిడో.

1883 డిసెంబరు 14న తనబే అనే సముద్రతీరపు ఊళ్ళో పుట్టారు. చిన్నప్పుడు బక్కపలచని పిల్లవాడు, తరచు జబ్బుపడేవాడు. పెద్దయ్యాకా పొట్టివారే. రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు ఎత్తు చాలదని సైన్యంలోకి తీసుకోలేదు. పట్టు వదలక మళ్ళీ ప్రయత్నించి చేరారు. 1912లో తన ప్రాంతంవారిని కొందరిని వెంటబెట్టుకుని, హొక్కయిడో దీవిలోని చలి అడవులు కొట్టి సాగు చేయడానికి వెళ్ళారు. అక్కడే 1915లో తకెదా సొకాకు అనే గురువు దొరికారు. ఆయన నేర్పింది కీళ్ళు మెలిపెట్టి శత్రువును లొంగదీసే జుజుత్సు, కఠినమైన విద్య.

తండ్రికి జబ్బు చేసిందని తెలిసి 1919లో బయలుదేరారు. దారిలో అయబేలో ఆగి, ఒమొతో మత నాయకుడు ఒనిసబురో దెగుచిని దర్శించుకున్నారు. ఇల్లు చేరేసరికి తండ్రి లేరు. ఆ దుఃఖంలో కుటుంబంతో అయబేకే వెళ్ళి స్థిరపడ్డారు.

ఆయన శిష్యులు ఎక్కువగా చెప్పుకునే సంఘటన 1925 నాటిది. కత్తిసాములో ఆరితేరిన ఒక నౌకాదళ అధికారి చెక్కకత్తితో ఆయన మీదికి వచ్చాడట. ఉయెషిబా చేతిలో ఏమీ లేదు. అతను ఎన్నిసార్లు కొట్టినా దెబ్బ పడేచోట ఈయన ఉండేవారు కారు. చివరికి అధికారే అలసి చతికిలబడ్డాడు. ఆ రోజే తోటలో ఉండగా, యుద్ధవిద్యకు మూలం సర్వప్రాణుల మీద ప్రేమేనని ఆయనకు తోచిందంటారు.

దీన్ని ఉత్త వేదాంతం అనుకోవద్దు. కత్తి నెత్తిమీదికి దిగుతుంటే వెనక్కి పారిపోకూడదు, ఎదురూ నిలవకూడదు. ఏటవాలుగా ముందుకు అడుగేసి అతని పక్కకు చేరాలి. అప్పుడు దెబ్బ గాలిలోకి పోతుంది. ఆ ఊపునే తిప్పి అతన్ని చాప మీద కూర్చోబెట్టవచ్చు. ఖాళీ చేతులతోనూ ఇదే అడుగు. మణికట్టు పట్టు ఎందుకంటే, కత్తులు ధరించే కాలంలో ఒరలోంచి కత్తి తీయనీయకుండా పట్టుకునేది అక్కడే. సాధనలో కొట్టడానికి వచ్చినవారే పడాలి, తరవాత వంతు మారాలి. పోటీలు మాత్రం ఆయన వద్దన్నారు.

అయితే ఒక సంగతి దాచకూడదు. 1927లో టోక్యో చేరాక ఆయన శిష్యుల్లో సైనికాధికారులు చాలామంది. సైనిక పాఠశాలల్లోనూ నేర్పారు. అదే సైన్యం చైనాలో ఏం చేసిందో లోకమెరుగును. ప్రేమ నేర్పే చెయ్యి అక్కడ ఎలా నేర్పిందన్న ప్రశ్నకు ఆయన భక్తుల జవాబులేవీ నాకు పూర్తిగా తృప్తినివ్వలేదు. 1942లో, యుద్ధం ముమ్మరంగా ఉండగానే, ఆ పదవులన్నీ వదిలి, టోక్యో శిక్షణాలయాన్ని కొడుకు కిష్షొమారుకు అప్పగించి, ఇవామా పల్లెలో వ్యవసాయానికి వెళ్ళిపోయారన్నది మాత్రం నిజం. ఐకిడో అన్న పేరు స్థిరపడిందీ ఆ ఏడాదే.

యుద్ధంలో ఓడిన జపానులో యుద్ధవిద్యల మీద ఆంక్షలు వచ్చాయి. 1948లో ఐకిడో సంస్థకు ప్రభుత్వ గుర్తింపు దొరికింది. ఆ తరవాత గుమాస్తాలు, విద్యార్థులు, ఆడవాళ్ళు, విదేశీయులు రాసాగారు. 1961లో ఆయన హవాయి వెళ్ళి ప్రదర్శన ఇచ్చారు. ఎనభై దాటిన తెల్లగడ్డం ముసలాయన, బలిష్ఠులైన యువకుల మధ్య తిరుగుతున్న ఫిల్ములు నేటికీ ఉన్నాయి.

1969 ఏప్రిల్ 26న, 85వ ఏట, కాలేయ క్యాన్సరుతో కన్నుమూశారు. పుట్టిన ఊరు తనబేలోని కొజాన్-జి ఆలయంలో ఆయన సమాధి ఉంది.