ముక్కు జబ్బులకు పేర్లు వెదికిన హకీం అబూబకర్ రాజీ

మన ఇళ్లలో పిల్లవాడి ముక్కు కారుతూ ఉంటే దాదీమా జుకాం అంటుంది. అదే గొంతులోకి దిగి రాత్రంతా దగ్గు తెప్పిస్తే నజలా అంటుంది. సిద్దిపేట జిల్లా మర్కూక్‌లో ఒక బంధువుల ఇంట్లో కూర్చున్న రోజున ఈ రెండు మాటలనూ, పక్కింటి వారి నోట పడిశం, సర్ది అనే మాటలనూ మేము ఒకే పూట విన్నాము. డాక్టరు ఇచ్చిన చీటీ మీద మాత్రం ఎలర్జిక్ రైనైటిస్ అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ ఇంటి కోడలు చీటీ మా ముందు పెట్టి, ఇది జుకామా, నజలానా అని అడిగింది. చదువుకున్నవాళ్లమన్న ధీమాతో రెండూ జలుబేనమ్మా అనేశాము. దాదీమా ఒప్పుకోలేదు. రెండింటికీ మందు వేరని ఆమె పట్టు. తరువాత పుస్తకాలు తిరగేస్తే పెద్దావిడ మాటే నిలిచింది. పాత వైద్యులు ముక్కు నుంచి బయటికి కారేదాన్ని జుకాం అన్నారు, వెనుక నుంచి గొంతులోకీ ఛాతీలోకీ దిగేదాన్ని నజలా అన్నారు. ఆ వైద్యులలో అగ్రగణ్యుడైన ఒకరి జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఆయన పూర్తి పేరు అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియా అర్రాజీ. నేటి టెహరాన్ నగరానికి ఆనుకుని ఉన్న రయ్ పట్టణంలో జన్మించారు కనుక రాజీ అన్న పేరు వచ్చింది. అల్ బిరూనీ రాసిన లెక్క ప్రకారం పుట్టింది హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో. యౌవనంలో ఊద్ వాయించేవారని, రసవాదం మీద మోజుతో కొలుముల దగ్గర గడిపేవారని చరిత్రకారులు చెబుతారు. ఆ పొగలకే కళ్లు చెడిపోయాయని కూడా కొందరు రాశారు. వైద్యం వైపు వచ్చింది వయసు ముదిరాకే. అయినా త్వరలోనే రయ్ ఆసుపత్రికి, తరువాత బాగ్దాదు ఆసుపత్రికి పెద్ద వైద్యుడయ్యారు.

ఆసుపత్రి ఎక్కడ కట్టాలని అడిగితే నగరంలో అక్కడక్కడ మాంసం ముక్కలు వేలాడదీయించి, ఆలస్యంగా కుళ్లిన చోటును ఎంచుకున్నారన్న కథ చాలామంది వినే ఉంటారు. కొన్ని పుస్తకాలలో అది అజుదీ ఆసుపత్రి అని ఉంటుంది. అది పొరపాటు. ఆ ఆసుపత్రి వెలసింది రాజీ మరణించిన అర్ధశతాబ్దం తరువాత. కథ నిజమైతే మరో ఆసుపత్రి గురించి అయి ఉండాలి.

ఆయన పాఠం చెప్పే పద్ధతి ముచ్చటగా ఉండేది. శిష్యులు వరుసలు వరుసలుగా కూర్చునేవారు. రోగి వస్తే ముందు బయటి వరుసలోని కొత్త శిష్యులు చూడాలి. వారికి అంతుపట్టకపోతే లోపలి వరుసవారు. వారికీ తెలియకపోతే అప్పుడు ఉస్తాద్ మాట్లాడేవారు. బీదలను ఉచితంగా చూడడమే కాక, వారి పోషణకు కూడా ఇచ్చేవారని ఇబ్న్ అన్నదీమ్ నమోదు చేశారు. దగ్గరలో వైద్యుడు లేని సామాన్యుల కోసం ఒక పుస్తకమే ప్రత్యేకంగా రాశారు. మశూచినీ తట్టునూ విడదీసి, ఏ లక్షణం దేనిదో వివరించిన గ్రంథం కూడా ఆయనదే. వైద్యులందరూ తలవంచే గాలెన్ మీద సందేహాలు లేవనెత్తుతూ ఒక పుస్తకం రాయడానికీ ఆయన వెనుకాడలేదు.

దీన్ విషయంలో, తత్త్వం విషయంలో ఆయనవని చెప్పే కొన్ని అభిప్రాయాలను ఆనాటి నుంచీ పండితులు గట్టిగా ఖండించారు. దాన్ని దాచవలసిన పని లేదు. ఖండించినవారిలో అల్ బిరూనీ కూడా ఉన్నారు. అదే బిరూనీ ఓపికగా కూర్చుని రాజీ రచనలన్నిటికీ జాబితా తయారుచేశారు. అందులో 184 పేర్లు ఉన్నాయి.

ఇక ముక్కు సంగతి. అబూ జైద్ అల్ బల్ఖీ అనే ప్రసిద్ధ పండితునికి ఏటా వసంత కాలంలో, గులాబీ వాసన సోకగానే జుకాం పట్టేది. ఎందుకు ఇలా జరుగుతోందన్న ప్రశ్న మీదే రాజీ ఒక చిన్న గ్రంథం రాశారు. పువ్వుకూ, రుతువుకూ, తుమ్ములకూ లంకె ఉందని పట్టుకున్న తొలి రచనలలో ఇది ఒకటని నేటి వైద్య చరిత్రకారుల మాట. ఇంగ్లండులో బోస్టాక్ అనే వైద్యుడు ఇటువంటి జబ్బును తన మీదే గమనించి వివరించింది 1819లో. ఎలర్జీ అనే మాటే 1906 దాకా పుట్టలేదు. రాజీ దగ్గర ఆ మాట లేదు, జబ్బు మాత్రం ఉంది. మాట లేకపోయినా చూసింది చూసినట్టు రాశారు.

మాటల విషయంలో ఆయన పడిన శ్రమ మాకు మరీ గొప్పగా కనిపిస్తుంది. ఆయన పుట్టేనాటికి బాగ్దాదులో హునైన్ బిన్ ఇస్‌హాక్ అనే క్రైస్తవ పండితుడు, ఆయన బృందం గ్రీకు వైద్య గ్రంథాలను సిర్యానీలోకీ అరబీలోకీ తెచ్చే పనిలో ఉన్నారు. గ్రీకులు ఈ జబ్బును కిందికి ప్రవహించడం అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. అరబీలో నజలా అన్నా దిగడమే. ఖురాన్ అవతరణను నుజూల్ అంటామే, ధాతువు అదే. అంటే మాటను కాక భావాన్ని దించుకున్నారన్నమాట. స్పెయిన్‌వారు మాత్రం అదే గ్రీకు మాటను లాటిన్ మీదుగా తీసుకుని కతార్రో అన్నారు. మన పడిశం సంస్కృతంలోని ప్రతిశ్యాయం నుంచి వచ్చింది. రాజీ తన నోట్సులో గ్రీకుల అభిప్రాయాల పక్కనే చరక, సుశ్రుతుల మాటలను కూడా చేర్చుకున్నారు. మందులకు, జబ్బులకు, అవయవాలకు గ్రీకు, సిర్యానీ, ఫార్సీ, హిందీ భాషల్లో ఉన్న పేర్లను సేకరించి వాటికి అరబీ అర్థాలు రాసుకున్నారు. ఎవరి మాటను వారి పేరుతోనే రాసి, చివర నాది అనే అర్థం వచ్చే ‘లీ’ అన్న మాట పెట్టి తన అనుభవం కలిపేవారు. ఏది అనువాదమో, ఏది తన మాటో పాఠకుడు పొరబడకూడదని ఆ జాగ్రత్త.

ఆ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క స్పానిష్ మాట చాలు. స్పెయిన్‌లో జలుబు చేసినవాడు తాను కాన్‌స్తిపాదో అయ్యానంటాడు. ముక్కు మూసుకుపోయిందని భావం. ఇంగ్లీషులో దాని తోబుట్టువు లాంటి మాటకు మలబద్ధకం అని అర్థం. రెండూ మూసుకుపోవడం అనే లాటిన్ మాట నుంచి వచ్చినవే. వినికిడిని బట్టి అనువదించేవాడు ముక్కు రోగికి విరేచనాల మందు ఇప్పిస్తాడు. నవ్వు వస్తుంది గాని, రోగి పసిబిడ్డ అయితే నవ్వే విషయం కాదు.

చివరి రోజులలో రాజీకి చూపు పూర్తిగా పోయింది. కంటికి శస్త్రచికిత్స చేస్తానని ఒక వైద్యుడు వచ్చాడట. కంటికి పొరలు ఎన్ని అని రాజీ అడిగితే అతడు చెప్పలేకపోయాడట. అది తెలియనివాడి చేతికి కన్ను ఇవ్వనన్నారని ఒక కథనం, లోకాన్ని చాలినంత చూశాను, ఇక చూడాలని లేదన్నారని మరో కథనం. హిజ్రీ 313లో, క్రీ.శ. 925లో రయ్‌లోనే కన్నుమూశారు.

ఆ నోట్సు పుస్తకంగా వచ్చింది ఆయన మరణం తరువాతే. వజీర్ ఇబ్న్ అల్ అమీద్ రాజీ సోదరికి బాగా ధనమిచ్చి ఆ కాగితాలను తీసుకుని, శిష్యుల చేత ఒక క్రమంలో పెట్టించారు. అదే అల్ హావీ. ఆ చెల్లెలో అక్కో, ఆమె పేరు కూడా చరిత్రలో పెద్దగా వినిపించదు. ఆమె వాటిని భద్రం చేయకపోతే మనకు ఈ గ్రంథం లేదు. సిసిలీలో ఫరజ్ బిన్ సాలిం అనే యూదు పండితుడు దాన్ని 1279లో లాటిన్‌లోకి తెచ్చారు. రాజీ మరో పుస్తకం అల్ మన్సూరీని అంతకు ముందే స్పెయిన్‌లోని తొలెడో నగరంలో క్రెమోనా వాస్తవ్యుడు గెరార్డ్ అనువదించారు. ఐరోపా విద్యార్థులు వందల ఏళ్లు దాన్ని చదివారు.

లాటిన్‌లో 1486లోనే అచ్చయిన అల్ హావీ, రాసిన అరబీలో మాత్రం చాలా కాలం రాతప్రతిగానే ఉండిపోయింది. మొట్టమొదట అచ్చువేసింది మన హైదరాబాదే. 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, స్పెయిన్‌లోని ఎస్కోరియల్ గ్రంథాలయంలో ఉన్న రాతప్రతిని ముఖ్యాధారంగా చేసుకుని 1955 నుంచి 23 భాగాలుగా దీన్ని వెలువరించింది. మూడో భాగం చెవి, ముక్కు, పళ్ల జబ్బులది.

మర్కూక్ కోడలికి ఆ తరువాత మేము జవాబు పంపాము. చీటీలో ఉన్నది జుకాం వైపుదేనని, బల్ఖీగారికి గులాబీల కాలంలో వచ్చినటువంటిదని, మందు మాత్రం డాక్టరు చెప్పినట్టే వాడమని. పిల్లవాడికి ఎప్పుడు ఎక్కువవుతుందని కూడా అడిగాము. మామిడి పూత రోజుల్లో అని దాదీమా చెప్పించింది.