పరిగె ఏరిన చేతులను చిత్రించిన మిలే

యూరపు చిత్రకళా చరిత్రలో రాణులకు, దేవతాస్త్రీలకు, ధనికుల ఇల్లాండ్రకు లభించిన స్థానము నీళ్లు మోయు స్త్రీకి, వెన్న చిలుకు స్త్రీకి చాలకాలము లభించలేదు. 19వ శతాబ్దములో వారికా గౌరవమును కల్పించిన వాస్తవికవాద చిత్రకారులలో జాఁ ఫ్రాన్స్వా మిలే ముఖ్యుడు. ఆ మహనీయుని జీవితమును మా విద్యార్థులకు పరిచయము చేయదలచినాము.

మిలే 1814 అక్టోబరు 4న ఫ్రాన్సు దేశమునందలి నార్మండీ తీరమున గ్రుషీ అను పల్లెలో రైతు కుటుంబమున జన్మించినాడు. తల్లి పొలము పనులలో మునిగియుండగా నాయనమ్మ ఆయనను పెంచినది. ఆయనయు తండ్రితోపాటు సేద్యము చేసినాడు. కుమారుని నేర్పును గుర్తించిన తండ్రి చిత్రలేఖనము నేర్చుకొనుటకు షెర్బూర్ పట్టణమునకు పంపినాడు. ఆ పట్టణమువారిచ్చిన విద్యార్థి వేతనముతో 1837లో పారిస్ చేరి, దెలరోష్ అను ప్రసిద్ధ చిత్రకారుని వద్ద శిష్యరికము చేసినాడు. కాని రెండేండ్లకే వేతనము నిలిచిపోయినది. 1844లో మొదటి భార్య క్షయవ్యాధితో మరణించినది. పొట్టకూటికై కొంతకాలము అడిగినవారికి అడిగిన బొమ్మలు వేసి గడిపినాడు.

1849లో కుటుంబముతో పారిస్ విడిచి బార్బిజోన్ గ్రామమున స్థిరపడినాడు. ఉదయము తోటపని, అటుపిమ్మట చిత్రలేఖనము ఆయన దినచర్య. నల్లని క్రేయానుతో ఆయన గీసిన రేఖాచిత్రములలో స్త్రీలు బట్టలు కుట్టుచుందురు, నూలు వడకుచుందురు, నీళ్లు మోయుచుందురు. 1860 నాటి ఒక వర్ణచిత్రములో గడపపై కూర్చున్న ముగ్గురు బిడ్డలకు తల్లి చెంచాతో తినిపించుచుండును. వెనుక తండ్రి తోట త్రవ్వుచుండును. మిలే స్త్రీలకు అలంకారము లేదు. అనేక చిత్రములలో ముఖకవళికలు సయితము మసకగానుండును. వంగిన వీపు, బరువునకు బిగిసిన భుజము చూపరితో మాటలాడును.

1857లో ప్రదర్శించిన చిత్రము ఆయన కీర్తికి మూలము. కోతలు ముగిసిన చేనిలో రాలిన వెన్నులను ముగ్గురు పేద స్త్రీలు ఏరుకొనుచుందురు. మన పల్లెలలో దీనినే పరిగె ఏరుట అందురు. దూరమున ధాన్యపు కుప్పలు, బండ్లు, గుఱ్ఱముపై పర్యవేక్షకుడు. ముందు పిడికెడు గింజలకై వంగిన నడుములు. 1848 విప్లవము మరువని సంపన్నులకు ఆ స్త్రీలలో తిరుగుబాటు ఛాయ గోచరించినది. కొందరు విమర్శకులు నిందించినారు. ఆ చిత్రము నేడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియమునందున్నది.

స్త్రీల శ్రమను ఇంతగా గౌరవించిన మిలేకు తనను పెంచిన స్త్రీల కడసారి చూపు దక్కలేదు. 1851లో నాయనమ్మ, 1853లో తల్లి స్వగ్రామమున కన్నుమూసినారు. దారిద్ర్యము ఆయనను వారికి దూరముగానుంచినది.

1867 నాటి పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనతో కీర్తియు, మరుసటి సంవత్సరము ప్రభుత్వ పురస్కారమును లభించినవి. 1875 జనవరి 20న ఆయన మరణించినాడు. పొలములో సంజెవేళ ప్రార్థించు దంపతుల చిత్రమును ఆయన సుమారు వేయి ఫ్రాంకులకు అమ్మినాడు. 1889లో అది వేలములో ఐదు లక్షల ఫ్రాంకులకు పైబడి పలికినది. ఆ ధనములో ఆయన కుటుంబమునకు వాటా లేదు. ఇట్టి అన్యాయములను సరిదిద్దుటకై 1920లో ఫ్రాన్సులో, చిత్రము తిరిగి అమ్ముడైనపుడు చిత్రకారునికి, వారసులకు భాగమిచ్చు శాసనము వచ్చినది.

విద్యార్థులారా! మీరు ఈ కళాశాలకు వచ్చుటకు ముందే మీ ఇంట పొయ్యి వెలిగించి, నీళ్లు తెచ్చి, మీకు అన్నము పెట్టిన చేతులున్నవి. ఆ పనికి జీతము లేదు, లెక్క లేదు. అట్టి చేతులను గౌరవముతో చూచుటకు చిత్రకారులు కానక్కరలేదని మిలే జీవితము మనకు బోధించుచున్నది.